అద్భుతమైన చోట్లు: ఎక్కడికి అనే ముందు ఏ నెలలో అని అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫోటోలు చూసి రాసుకున్న పెద్ద జాబితా ఒకటి ఉంది. భార్యాభర్తలిద్దరికీ నలభై దాటాయి. సెలవులూ డబ్బూ లెక్క వేసుకుంటే మున్ముందు నాలుగైదు పెద్ద ప్రయాణాలకు మించి కుదరవు. ఒకదానికి డెబ్భై ఏళ్ల అమ్మగారిని కూడా తీసుకెళ్లాలని ఉంది. వీటిలో ఏవి ఉంచాలి, ఏ వరుసలో వెళ్లాలి, మంచి కెమెరా కొనాలా?

ఇలాంటి చోట్లకు చిన్న బృందాలను తీసుకెళ్లడం చాలా ఏళ్లుగా నా పని. నిరాశతో తిరిగొచ్చినవాళ్లను గమనిస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు ఎంచుకున్న చోటు మంచిదే, వెళ్లిన నెలే తేడా. ఫోటోలో మీరు చూసిన దృశ్యం ఏడాదిలో కొన్ని వారాలే ఉంటుంది. ఒక్కోసారి రోజులో ఒక గంటే ఉంటుంది. మిగతా కాలమంతా అక్కడ ఇంకేదో ఉంటుంది. అందుకని మీ జాబితాలో ప్రతి పేరు పక్కనా 'ఇది ఇలా ఎందుకుంది?' అని రాసుకోండి. నీటివల్లా, ఎత్తువల్లా, ఎండవల్లా, ఎవరూ చేరలేకపోవడంవల్లా? ఆ కారణం తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో, ఎటునుంచి వెళ్లాలో, దేనికి భయపడాలో మూడూ ఒకేసారి తెలిసిపోతాయి.

మీ జాబితాలో మొదటి పేరు బొలీవియాలోని సలార్ దె ఉయుని కాబట్టి దానితోనే మొదలుపెడతాను. పదివేల చదరపు కిలోమీటర్లు దాటిన ఉప్పు మైదానం అది, సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎప్పటివో పెద్ద సరస్సులు ఎండిపోగా మిగిలిన ఉప్పు. అంత విస్తీర్ణంలోనూ ఎత్తుపల్లాల తేడా ఒక మీటరు లోపే. ఉపగ్రహాల్లో ఎత్తు కొలిచే పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ నేలను వాడుకునేది అందుకే. ఇంత చదునుగా ఉండటంవల్ల వాన పడితే నీరు ఎటూ పారిపోదు, పలచని పొరగా నిలిచిపోతుంది. గాలి ఆగిందంటే పైనున్న ఆకాశమంతా కాళ్ల కింద కనిపిస్తుంది. అందరూ పంచుకునే ఆ అద్దం ఫోటో ఇదే. దానికి జనవరి నుంచి మార్చి వరకు సరైన సమయం.

జూన్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తే అద్దం ఉండదు. దాని బదులు ఎండిన తెల్లటి నేల, దాని మీద ఐదారు భుజాల గళ్లు. గడి అంచుల్లో ఉప్పు కొద్దిగా ఉబ్బి లేచి ఉంటుంది, బూటు పెడితే కరకరలాడుతూ విరుగుతుంది. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం. కళ్లు ఆనినంత మేర ఒకే తెలుపు, పొడి చలి. కానీ మీరు ఫోటో చూసి వెళ్తున్నారు కాబట్టి ఆ ఫోటో ఏ నెలదో తెలుసుకోవాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మైదానం మధ్యలో ఎత్తైన కాక్టస్ చెట్లతో ఇంకావాసి అనే గుట్ట ఉంది, అందరూ దీవి అంటారు. నీళ్లు బాగా నిలిచిన రోజుల్లో జీపులు అంత దూరం లోపలికి వెళ్లవు. అద్దం కావాలంటే దీవి పోయినట్టే, దీవి కావాలంటే అద్దం పోయినట్టే. రెండూ చూపిస్తామని ఎవరైనా గట్టిగా చెప్తే ఏ నెల గురించి మాట్లాడుతున్నారో అడగండి. నక్షత్రాలు నీళ్లలో కనిపించాలంటే ఇంకో షరతు: అమావాస్య దగ్గర్లో వెళ్లాలి, ఆ రాత్రి మబ్బూ గాలీ ఉండకూడదు. వానాకాలంలో మబ్బులేని రాత్రి దొరకడం అదృష్టమే, కాబట్టి కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి.

బండి గురించి చిన్నమాట. ఉప్పునీళ్లు ప్యాంటు మీద చింది ఆరితే తెల్లటి పెంకు కడుతుంది, చేత్తో దులిపితే రాదు. అదే నీరు జీపు అడుగున కూడా పడుతుంది. మంచి డ్రైవరు సాయంత్రం ఊరు చేరగానే బండి కిందంతా కడిగించుకుంటాడు. బేరం కుదుర్చుకునే ముందు వంగి బండి అడుగుభాగం ఒకసారి చూడండి. తుప్పు పొరలు పొరలుగా వేలాడుతుంటే ఆ బండి వద్దు. లోపల ఎక్కడో చెడిపోయి ఆగిపోతే సాయం రావడానికి గంటలు పడుతుంది.

ఇక్కడే ఎత్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. లాపాజ్ నగరపు విమానాశ్రయం 4,000 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. సముద్రతీరం నుంచి నేరుగా అక్కడ దిగితే ఎంత ఆరోగ్యవంతుడికైనా తలనొప్పి, వాంతులు రావచ్చు. వయసుతోనూ వ్యాయామంతోనూ దీనికి పెద్దగా సంబంధం లేదు, రోజూ పరుగెత్తే కుర్రాడే ముందు పడిపోవడం నేను చూశాను. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యుల మార్గదర్శకం. కాబట్టి ముందు 2,800 మీటర్ల ఎత్తున్న సుక్రే నగరంలో రెండు మూడు రోజులు గడిపి, ఆ తర్వాత ఉయుని చేరండి. ఉయుని ప్యాకేజీల్లోనే ఉండే గీజర్లు (ఆవిరి చిమ్మే బుగ్గలు), రంగు సరస్సులు ఇంకా పైన ఉంటాయి, గీజర్లైతే 4,800 మీటర్లు దాటి. తలనొప్పితో పాటు నడక తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే ఇక ఆలోచించకూడదు, ఆ రాత్రే కిందికి దిగిపోవాలి. మందుల సంగతి బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడుకోండి.

పెరూలోని మాచు పిచ్చు విషయంలో ఇదే పొరపాటు తిరగబడి జరుగుతుంది. అది కొండ మీద ఉంది కాబట్టి అదే ఎత్తు అనుకుంటారు. నిజానికి మాచు పిచ్చు 2,430 మీటర్లే, అక్కడికి వెళ్లే దారిలో విమానం దిగే కుస్కో నగరం 3,400 మీటర్లు. కుస్కోలో దిగిన రోజే హోటల్లో పడుకోకుండా కింద లోయలోకి వెళ్లిపోయి, మాచు పిచ్చు చూసి, చివర్లో కుస్కోలో ఉంటే ఒంటికి హాయిగా ఉంటుంది. టికెట్లు గంటల వారీగా, దారుల వారీగా ఇస్తారు. ఏ దారి టికెట్ అయితే ఆ దారే నడవాలి, కాబట్టి కొనేటప్పుడు మ్యాపు దగ్గర పెట్టుకోండి.

విక్టోరియా జలపాతం గురించి మీరు 'ఏప్రిల్‌లో నీళ్లు ఎక్కువట, అప్పుడే వెళ్లాలా' అని అడిగారు. ఈ ప్రశ్న బాగుంది, ఎందుకంటే జవాబు అనుకున్నట్టు ఉండదు. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో జాంబెజీ నది 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు దూకుతుంది. ఎక్కడో ఎగువన కురిసిన వానలు కిందికి చేరడానికి వారాలు పడుతుంది, అందుకే అక్కడ వానలు ఆగిపోయాక ఏప్రిల్ ప్రాంతంలో వరద గరిష్ఠంగా ఉంటుంది. అప్పుడు లేచే తుంపర కిలోమీటర్ల దూరానికి కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే మాత్రం ఆ తుంపరలో జలపాతమే కనిపించదు! శబ్దం వినిపిస్తుంది, ఒళ్లంతా తడుస్తుంది, ఎదురుగా తెల్లటి గోడ. ఆ బీభత్సం కావాలనుకుంటే ఏప్రిల్ వెళ్లండి, రెయిన్‌కోటు పనికిరాదు, తడవడానికి సిద్ధపడి వెళ్లండి. అక్టోబరు, నవంబరులో దానికి పూర్తిగా విరుద్ధం. జాంబియా వైపు చాలాభాగం నల్లటి బండరాయి బయటపడి ఉంటుంది, నీళ్లన్నీ జింబాబ్వే వైపే. జలపాతం అంచునే ఉన్న సహజమైన మడుగులో మనుషులు ఈదే ఫోటోలు మీరు చూసే ఉంటారు, అవి నీళ్లు తగ్గిన నెలలవి. నా సలహా జూన్ చివర నుంచి ఆగస్టు వరకు. నీళ్లు బాగా ఉంటాయి, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, చలికాలం కాబట్టి ఎండ హాయిగా ఉంటుంది, దోమలూ తక్కువ. దోమలు తక్కువే గానీ మలేరియా ఉన్న ప్రాంతమే, డాక్టరును అడిగి మాత్రలు తీసుకోవాలి.

అమ్మగారిని తీసుకెళ్లడానికి నేను చెప్పేది ఈ చోటే. ఎత్తు తక్కువ, ఊరి నుంచి గేటు దగ్గరే, జింబాబ్వే వైపు జలపాతానికి ఎదురుగా చదునైన బాట ఉంది, మధ్యమధ్యలో ఆగి చూసే చోట్లు ఉన్నాయి. ఆవిడ అలిసిపోతే వెనక్కి రావడం కష్టం కాదు. తడి రాళ్ల మీద జారకుండా పట్టున్న చెప్పులు మాత్రం తప్పనిసరి.

అదే ప్రయాణంలో నమీబియా కలుపుకోవచ్చు, జూలై దానికీ మంచి నెలే. నమీబ్ ఎడారిలో డెడ్‌వ్లేయ్ అనే చోటుంది. ఒకప్పుడు త్సౌచాబ్ అనే వాగు పొంగినప్పుడల్లా ఇక్కడికి నీళ్లు వచ్చేవి, తుమ్మజాతి చెట్లు పెరిగాయి. తర్వాత ఇసుక దిబ్బలు అడ్డుపడి వాగు ఇటు రావడం మానేసింది. చెట్లు చనిపోయి ఆరేడు వందల ఏళ్లవుతున్నా ఇంకా నిలబడే ఉన్నాయి. కారణం ఆ పొడిదనమే, కుళ్లడానికి కావలసినంత తేమ కూడా అక్కడ లేదు. ఎండకు మాడి నల్లబడిన మాను, పగుళ్లిచ్చిన తెల్లటి బంకమన్ను నేల, వెనక ఎర్రటి దిబ్బ. ఆ మూడు రంగులూ విడివిడిగా కనిపించేది పొద్దున ఒక గంటే. సూర్యుడు దిబ్బ పైభాగాన్ని వెలిగించాక కూడా కింద నేల కాసేపు నీడలోనే ఉంటుంది. చెట్లు ఆ వెలుగు మీద నల్లటి గీతల్లా కనిపిస్తాయి. నీడ మెల్లగా వెనక్కి జరిగి చెట్ల మొదళ్లను దాటిందంటే ఇక ఆ దృశ్యం అయిపోయింది. తొమ్మిదిన్నరకు బస్సు దిగినవాళ్లు 'ఫోటోలో ఉన్నట్టు లేదే' అనుకోవడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ఆ గంట దొరకాలంటే ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. సెస్రియెమ్ దగ్గర పార్కు బయటి గేటు సూర్యోదయానికి తెరుస్తారు. అక్కణ్నుంచి 60 కిలోమీటర్ల తారురోడ్డు, ఆపైన 5 కిలోమీటర్ల ఇసుక దారి, ఆపైన ఒక కిలోమీటరు నడక. లెక్క వేసుకోండి, నీడ మీకోసం ఆగదు. పార్కు సరిహద్దు లోపల బస చేసినవాళ్లను దాదాపు ఒక గంట ముందే వెళ్లనిస్తారు. అందుకే ఆ గదులు ముందే అయిపోతాయి, మొదట వాటిని బుక్ చేసి మిగతా ప్రయాణాన్ని వాటి చుట్టూ అల్లుకోండి. చివరి 5 కిలోమీటర్లలో మామూలు కారుతో దూరొద్దు, పార్కువాళ్ల బండ్లు ఎక్కండి. నమీబియాలో ఊళ్ల మధ్య రోడ్లు ఎక్కువభాగం కంకర రోడ్లే. సాఫీగా కనిపిస్తాయి, వేగం తెలియదు, మలుపులో బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుంది. అక్కడ పర్యాటకులకు జరిగే పెద్ద ప్రమాదం ఇదే, సింహాలూ పాములూ కావు. రెండు స్పేర్ టైర్లు అడగండి, చీకటి పడకముందే బస చేరండి.

ఆ ఎడారి అలా ఎందుకుందో కూడా చెప్తాను, నాకు చాలా ఇష్టమైన సంగతి. పక్కనే అట్లాంటిక్ సముద్రం ఉన్నా అందులో పారే బెంగ్వెలా ప్రవాహం చల్లనిది. దానివల్ల వాన మేఘాలు తయారు కావు, పొగమంచు మాత్రం తీరం దాటి లోపలికి వస్తుంది. అక్కడి ఒక జాతి పెంకుపురుగు తెల్లవారుజామున దిబ్బ శిఖరానికెక్కి, తల కిందికి పెట్టి నిలబడుతుంది. మంచు వీపు మీద చుక్కలుగా చేరి జారి నోట్లోకి వస్తుంది. సముద్రతీరపు ఊళ్లో దిగిన రోజు మబ్బుగా, చలిగా ఉంటే తిట్టుకోకండి, ఎడారికి దక్కే తేమలో చాలాభాగం అదే.

జోర్డాన్‌లోని పురాతన నగరం పెట్రా గురించి అందరూ ఎర్రరాతి కట్టడం ముఖభాగం చూపిస్తారు. నన్నడిగితే అక్కడ మొదట చూడాల్సింది దారి గోడ. సిక్ అనే ఇరుకైన కొండచీలికలో సుమారు 1.2 కిలోమీటర్లు నడిచాకే ఖజానా భవనం కనిపిస్తుంది. నడుస్తున్నంతసేపూ పక్కన గోడలో తొలిచిన కాలువ మీతోపాటే వస్తుంది. చేయి పెట్టి చూడండి, ఉలి గాట్లు ఇంకా తగులుతాయి. పెట్రాను కట్టిన నబాతీయులు ఎడారి మధ్య నగరం కట్టగలిగారంటే అప్పుడప్పుడూ విరుచుకుపడే వరదను పట్టి, మళ్లించి, దాచుకోవడం తెలియబట్టే. సిక్‌లోకి వరద రాకుండా మొదట్లోనే ఒక ఆనకట్ట కట్టి, నీటిని సొరంగం గుండా పక్కకు పంపేశారు. అది శిథిలమైపోయాక 1963లో వచ్చిన వరదలో సిక్‌లో ఉన్న పర్యాటకులు ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత అదే చోట ఆనకట్ట మళ్లీ కట్టారు. ఇప్పటికీ చలికాలంలో, వసంతంలో వరద హెచ్చరిక వస్తే ఉన్నపళంగా ఖాళీ చేయిస్తారు. కాబట్టి ఒక్కరోజు ప్రయాణంగా పెట్టుకోకండి, రెండు రోజులు కావాలి. ఖజానా మీద ఎండ ఉదయం తొమ్మిది తర్వాత పడుతుంది. పైనున్న మఠానికి 800 మెట్లు ఎక్కాలి, దాని మీద వెలుగు మధ్యాహ్నం తర్వాతే. చాలామంది పొద్దున్నే ఆయాసపడుతూ మఠానికి ఎక్కి నీడలో ఉన్న గోడను చూసి దిగొస్తారు.

అమెరికాలోని ఇరుకైన రాతిలోయ యాంటిలోప్ కాన్యన్‌దీ అదే కథ. ఇసుకరాతిని అలలు అలలుగా చెక్కింది ఆకస్మిక వరదలే. 1997 ఆగస్టు 12న కిలోమీటర్ల అవతల కురిసిన వాన కిందిభాగంలోకి దూసుకొచ్చి 11 మంది ప్రాణాలు తీసింది. వాళ్ల తల మీద ఆకాశంలో గట్టి వానేమీ లేదు. అది నవాహో తెగవారి భూమి, వాళ్ల గైడు లేకుండా ఎవరినీ లోపలికి పంపరు. పై నుంచి స్తంభంలా దిగే వెలుగు కావాలంటే ఎండాకాలపు నెలల్లో మిట్టమధ్యాహ్నం వెళ్లాలి, ఎగువభాగానికే. మీ జాబితాలో ఇది ఉంటే ఉండనివ్వండి, కానీ దీని ఒక్కదానికోసం ఖండాలు దాటకండి. లోపల గంటన్నరలో అయిపోతుంది, జనం ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తారు.

సోన్ డూంగ్ గుహకు మాత్రం వెళ్లమంటాను, మోకాళ్లు బాగున్నప్పుడే. వియత్నాంలోని ఫోంగ్ న్యా అడవుల్లో ఉంది. 1990ల మొదట్లో స్థానికుడొకరు వానకు తలదాచుకుంటుంటే లోపల్నుంచి గాలీ, నీళ్ల హోరూ వినిపించాయి. ఆ తర్వాత దారి దొరక్క ఏళ్లు గడిచిపోయాయి. 2009లో ఆయన సాయంతోనే బ్రిటిష్ గుహాన్వేషకులు కొలిచారు. పరిమాణంలో ప్రపంచంలోనే అతిపెద్ద గుహగా దానికి పేరు. రెండుచోట్ల కప్పు కూలిపోయి, ఆ కంతల్లోంచి పడే వెలుగుకు గుహ అడుగునే అడవి పెరిగింది. లోపల నదిని దాటాలి, తాళ్లు పట్టుకుని దిగాలి, చివర్లో 90 మీటర్ల గోడ ఎక్కాలి. నాలుగు రోజుల ప్రయాణం. ఏడాదికి సుమారు వెయ్యిమందినే అనుమతిస్తారు. గుహను తొలిచిన నదే వానాకాలంలో దాన్ని నింపేస్తుంది కాబట్టి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మూసేస్తారు. కొండలెక్కిన అనుభవం, శారీరక దారుఢ్యం అడుగుతారు, అబద్ధం చెప్పి వెళ్తే ఇబ్బంది పడేది మీరే. అంత ఓపిక లేకపోతే అదే ప్రాంతంలో హాంగ్ ఎన్ గుహ ఉంది, ఒక రాత్రి గుహలోపల ఇసుక ఒడ్డున గుడారంలో పడుకోవచ్చు. వెళ్లినవాళ్లు ఎవరూ 'ఇది రెండో రకం' అని అనడం నేను వినలేదు.

అంటార్కిటికా గురించి అందరికీ ఒకటే టెన్షన్, డ్రేక్ జలసంధి. అర్జెంటీనా కొసనున్న ఉషువాయా నుంచి ఓడలో వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. అడ్డుకునే నేల లేకపోవడంతో ఆ అక్షాంశాల్లో గాలీ అలలూ భూమి చుట్టూ తిరిగొస్తాయి, దానివల్ల ఆ ఊపు. కొన్నిసార్లు సరస్సులా ఉంటుంది, కొన్నిసార్లు మంచానికి కట్టేసుకోవాలనిపిస్తుంది, ముందే చెప్పలేం. కడుపులో తిప్పడం మొదలయ్యాక మందు వేసుకుంటే లాభం లేదు, ఓడ కదలకముందే వేసుకోవాలి. ఓడ ఎంచుకోవడంలో చూడాల్సింది ఒకే అంకె: ప్రయాణికులు ఎంతమంది. ఒక్కోచోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డున దిగకూడదు, ఐదువందల మందికి పైగా ఉన్న ఓడలు అసలు ఎవరినీ దించకూడదు. రెండువందల మంది ఉన్న ఓడలో మీరు నేల మీదుండే సమయం సగమవుతుంది. చవకగా కనిపించే పెద్ద ఓడల టికెట్టులో అంటార్కిటికాను కిటికీలోంచి చూసి వచ్చేస్తారు, ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నవంబరులో మంచు తెల్లగా, ఎవరూ తొక్కనిదిగా ఉంటుంది. డిసెంబరు చివర నుంచి జనవరి దాకా పెంగ్విన్ పిల్లలు. ఫిబ్రవరి, మార్చిలో తిమింగలాలు ఎక్కువ, మంచు మాత్రం పెంగ్విన్ల రెట్టలతో ఎర్రబడి, వాసనతో ఉంటుంది. (ఆ వాసన గురించి ఏ బ్రోషరూ చెప్పదు.) ఒడ్డు దిగేముందు బూట్ల మడతల్లో, బ్యాగు జిప్పుల్లో గింజలూ మట్టీ లేకుండా బ్రష్షుతో తోముకోవాలి, బూట్లు మందు నీళ్లలో ముంచాలి. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరంలో ఆగిపోవాలి. అదే మీవైపు నడిచొస్తే కదలకుండా నిలబడండి, దాని దారి దానిది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గలాపగోస్ దీవులు ఉంచుకోండి. నేలమీద వేటాడే పెద్ద జంతువులు లేకుండా లక్షల ఏళ్లు బతకడంవల్ల అక్కడి ప్రాణులకు మనిషంటే భయం తెలియదు. ఇగ్వానాలు దారికి అడ్డంగా పడుకుంటాయి, పక్కకు తప్పుకోవాల్సింది మనమే. నేలలో 97 శాతం జాతీయ పార్కు, చాలాచోట్లకు గైడు తప్పనిసరి. ఏ నెలైనా ఏదో ఒకటి బాగుంటుంది కాబట్టి సెలవులు కలిసిరానివాళ్లకు ఇదే సరైనది. ఉత్తరధ్రువ కాంతుల కోసం జూన్, జూలైలో బుక్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ అప్పుడు రాత్రే ఉండదు, సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్లాలి. అడ్డుపడేది ఎక్కువసార్లు మబ్బే, అందుకే తీరంలోని ఊళ్ల కన్నా కొండల చాటున ఆకాశం తేటగా ఉండే స్వీడన్‌లోని అబిస్కో లాంటి చోటు నయం. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్తే ఒక మెలిక: దానికి విడిగా వీసా అక్కర్లేదు, కానీ అది షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) ప్రాంతం బయట ఉంది. నార్వే మీదుగా వెళ్లి రావాలి కాబట్టి షెంగెన్ వీసా అవసరమైనవాళ్లు ఒకటికి మించి ప్రవేశాలున్నది తీసుకోవాలి. లేకపోతే వెళ్లడం కుదురుతుంది గానీ తిరిగిరావడం చిక్కు.

ఇథియోపియాలోని దానకిల్, యెమెన్‌కు చెందిన సొకోత్రా ఈ రెండూ అద్భుతాలే, నేను కాదనను. సొకోత్రాలో సుమారు 825 మొక్కజాతుల్లో 37 శాతం భూమి మీద ఇంకెక్కడా లేవు. గొడుగు తెరిచినట్టుండే అక్కడి ఒక చెట్టును గీస్తే ఎర్రటి జిగురు కారుతుంది. కానీ ఆ దీవికి విమానాలు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో రాజకీయాల మీద ఆధారపడి ఉంటుంది. దానకిల్ సముద్రమట్టానికి వంద మీటర్లకు పైగా దిగువన ఉంది, ఎండ, ఆమ్లపు మడుగులు, అగ్నిపర్వతాలు అన్నీ ఒకేచోట. మీకు కుదిరేవి నాలుగైదు ప్రయాణాలే అయినప్పుడు, వారం ముందు రద్దయ్యే అవకాశం ఉన్నదాన్ని అందులో కలపొద్దు. మీ ప్రభుత్వం వెళ్లొద్దని హెచ్చరించిన చోట చాలా బీమా పాలసీలు చెల్లవు, అది ముందు చదవండి. తుర్క్‌మెనిస్తాన్‌లోని దర్వాజా మంటల గొయ్యిని కొట్టేయండి. మంటలు బాగా తగ్గిపోయాయని 2025లో అక్కడి అధికారులే చెప్పారు, మీరు దాచుకున్న ఫోటో పాతది. అట్లాంటిక్ మధ్యలోని త్రిస్తాన్ ద కూన్యా దీవిని రాసుకున్నందుకు మెచ్చుకుంటున్నాను గానీ, దానికి విమానాశ్రయమే లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం, దీవి మండలి అనుమతి కావాలి, సముద్రం ఒప్పుకోకపోతే ఎదురుగా దీవి కనిపిస్తున్నా దిగలేరు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు పెట్టుకునే ప్రయాణం కాదది.

ఇక వరుస. అమ్మగారి ప్రయాణం అన్నిటికన్నా ముందు, వచ్చే జూలైలోనే: విక్టోరియా జలపాతం. ఆవిడ ఎనిమిది గంటలు కంకర రోడ్డు మీద కూర్చోలేరనుకుంటే, నమీబియాకు మీలో ఒకరే వెళ్లి మరొకరు ఆవిడతో ఉండండి, లేదా దాన్ని ఇంకోసారికి వాయిదా వేయండి. తర్వాత సోన్ డూంగ్ లేదా హాంగ్ ఎన్, ఎందుకంటే అది మోకాళ్లను అడుగుతుంది. ఆ తర్వాత సుక్రే మీదుగా ఉయుని, ఫిబ్రవరిలో. పెట్రా చిన్న సెలవుల్లో కూడా సరిపోతుంది, దాన్ని పెద్ద ప్రయాణంగా లెక్కపెట్టకండి, మార్చి ఆఖర్లోనో అక్టోబరులోనో వెళ్లి రండి. అంటార్కిటికా చివర ఉంచండి. డబ్బు కూడబెట్టుకోవడానికి టైము దొరుకుతుంది, పైగా ఒంటిని పెద్దగా కష్టపెట్టదు, ఆ ఓడల్లో డెబ్భై దాటినవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఓడ బయల్దేరే రోజే ఉషువాయాలో దిగేలా విమానం బుక్ చేయకండి, కనీసం ఒక రోజు ముందు చేరండి. ఓడ ఎవరికోసమూ ఆగదు. బీమాలో అత్యవసర తరలింపు ఉందో లేదో, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో చూసుకోండి.

కెమెరా సంగతి. కొత్తది కొనకండి. ఉప్పు, ఇసుక, తుంపర ఈ మూడూ లెన్సు మార్చే కెమెరాలకు శత్రువులు. నమీబ్‌లో గాలి వీస్తుండగా లెన్సు మార్చిన పెద్దమనిషి మిగతా ప్రయాణమంతా ఫోనుతోనే కానిచ్చాడు. ఉన్న ఫోనుకు నీళ్లు చొరని సంచీ ఒకటి, చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి లోపలి జేబులో పెట్టుకోవడానికి పవర్‌బ్యాంక్ ఒకటి చాలు. ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్స్ కొనండి, ఒకటి కాదు, రెండు. తిమింగలం నీటిపైన కనిపించే ఆ కొద్ది సెకన్లలో 'ఏదీ, ఇలా ఇవ్వు' అని పక్కవాళ్ల చేతిలోంచి లాక్కోవాల్సిన పని ఉండదు.